ఎడమవైపు బావ

చెప్పుల షాపు పైన, మొదటి అంతస్తులో, వైర్లాయన నడిపే గేముల గదికి వెడల్పాటి ఎల్‌సీడీ మానిటర్లు వచ్చిన రోజున వీధి వీధంతా మెట్ల మీదే ఉంది. పాత మానిటర్లు బల్లల నిండా బానపొట్టలు పరుచుకుని కూర్చునేవి. ఒక్కోదాన్ని కిందికి దించడానికి ఇద్దరు మనుషులు, మధ్యలో బోలెడన్ని విశ్రాంతులు కావలసి వచ్చాయి. కొత్తవాటిని మాత్రం వైర్లాయన చంకకొకటి చొప్పున ఇరికించుకుని ఇస్త్రీ బట్టల్లా పైకి తెచ్చేశాడు. గోడకి ఆన్చి పెడితే, గదికి కొత్తగా కిటికీలు కొట్టించినట్టుంది. అవి ఎంత వెడల్పంటే, ఎడమ అంచున బయల్దేరిన చూపు కుడి అంచుకి చేరేలోపు దారిలో ఆగి ఒక టీ తాగి వెళ్ళొచ్చని కోచింగ్ మాస్టారు లెక్క కట్టి చెప్పాడు. లెక్కల మాస్టారు కదా, నమ్మక తప్పలేదు.

అందరూ మురిసిపోయారు, ఒక్క డ్రైవరుగారు తప్ప.

డ్రైవరుగారంటే బస్సు డ్రైవరు. రిటైరై చాలాకాలమైనా ఆ పేరు మాత్రం రిటైరవలేదు. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్న చేతులాయనవి. అవి ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో వాటికి తెలియదు. అన్నం పళ్ళెం ముందు పెడితే రెండు చేతులూ వెళ్ళి పళ్ళెం అంచులు పట్టుకునేవి. నిద్రలో దిండు పట్టుకుని మలుపులు తిప్పేవాడు. ఘాట్ రోడ్డు కలలోకొచ్చిన రాత్రుళ్ళు ఆయన భార్య మంచంకోడు కావలించుకుని పడుకునేదని చెప్పుకుంటారు. అబద్ధమైతే ఆవిడ ఈపాటికి ఖండించి ఉండేది.

అలాంటి మనిషికి ఆ గేముల గది దొరికింది. అక్కడ నాలుగు కంప్యూటర్లున్నాయి. మూడింటికి మామూలు కీబోర్డులే. ఒక్కదానికి మాత్రం స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడళ్ళు, పక్కన గేరు కర్ర. మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. కూర్చుంటామని అడిగిన మొనగాడూ లేడు.

ఆడే ఆట రేసు. సిటీలో మొదలై, కొండెక్కి, కొండ దిగి, పొడుగాటి వంతెన దాటి, ఓడరేవులో ముగుస్తుంది. అందరూ మంటల బొమ్మలేసిన కార్లు ఎంచుకునేవారు. డ్రైవరుగారు బండ్ల వరుస చిట్టచివరికి వెళ్ళి, ఎవరికీ అక్కర్లేనట్టు పడి ఉన్న బస్సుని ఎంచుకునేవాడు. ఆ బస్సు కదలడానికి కాస్త బతిమాలించుకుంటుంది. ఒకసారి ఊపందుకుందా, దాని ముందుకి పోవడం ఎవరి తరమూ కాదు. పాత మానిటర్లలో రోడ్డంతా గొట్టంలోంచి చూసినట్టు ఉండేది. వెనకవాళ్ళకి తెరనిండా బస్సు వీపే. ఎటునుంచి దూరాలో తెలియక, ఏడుస్తూ వెనకాలే వచ్చేవారు. అలా ఏళ్ళ తరబడి గెలుస్తూ వచ్చాడాయన.

కొత్త తెరలొచ్చాక రోడ్డుకి పక్కలు పుట్టుకొచ్చాయి. ఫుట్‌పాతులు, సందులు, చెట్లు, రెయిలింగులు, అన్నీ కనిపిస్తున్నాయి. బస్సుకీ రెయిలింగుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా కనిపిస్తోంది. కనిపించాక మనుషులు ఊరుకుంటారా. బేకరీ బాబాయ్ పిండి చేతుల్తోనే సర్రున దూసుకుపోయాడు. కోచింగ్ మాస్టారు లెక్కేసుకుని మరీ దూరాడు. అందరికంటే ముందు దూరింది పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ క్లినిక్ ఎదురుగానే. పేషెంటు దవడకి మత్తు సూది పొడిచి, అది ఎక్కేలోపు పైకొచ్చి ఒక రేసు కొట్టి వెళ్ళే మనిషి. ఒక్కోసారి రేసు బిగువుగా సాగితే, కింద పేషెంట్లు మొద్దుబారిన మూతుల్తో కిటికీ వైపు చూస్తూ నిలబడేవారు.

ముగ్గురూ దూరింది ఒకే వైపు నుంచి. ఎడమవైపు నుంచి.

డ్రైవరుగారు ఆఖరున వచ్చాడు. మర్నాడూ ఆఖరే. ఆ వారమంతా ఆఖరే.

తప్పు తెరదేనని తేల్చేశాడాయన. పాత దినపత్రిక చింపి, తెరకి రెండు పక్కలా బారుగా అతికించి, మధ్యలో చదరంగా కొంచెం చోటు మిగుల్చుకున్నాడు.

"ఏంటండీ ఇది," అన్నాడు వైర్లాయన, గుండె పట్టుకుని. "లేక లేక కొన్న మానిటరండీ."

"నీ మానిటర్ని నేనేం తినెయ్యలేదు. అవసరమైనంత ఉంచుకుని మిగతాది మూసుకున్నా."

"గుర్రానికి కళ్ళెం పక్కన గంతలు కడతారు చూడండి, అలా ఉంది," అంది డాక్టరమ్మ.

"గుర్రం గెలుస్తుంది కదమ్మా."

గుర్రం గెలవలేదు. ఆ రోజు మిగతా ముగ్గురూ చేరాక, వాళ్ళు టీలు తాగి గ్లాసులు కడిగించాక గానీ బస్సు ఓడరేవు చేరలేదు. పైగా సగం దారిలో ఒక కాగితం ఊడి, డ్రైవరుగారి ఒళ్ళో పడింది.

అప్పుడు డాక్టరమ్మ కుర్చీ ఆయన వైపు తిప్పి, నెమ్మదిగా, పన్ను పీకేముందు మాట్లాడే గొంతుతో అంది.

"డ్రైవరుగారూ, మీరంటే నాకు గౌరవమే. కానీ ఆ స్టీరింగు వృథా అవుతోంది. గెలిచేవాళ్ళ చేతిలో ఉంటే దానికీ మర్యాద. ఆదివారం పందెం పెట్టుకుందాం. గెలిచినవాళ్ళకి ఏడాదిపాటు ఆ సీటు."

గదిలో అందరూ వైర్లాయన వైపు చూశారు. వైర్లాయన తన వైర్ల వైపు చూసుకున్నాడు. న్యాయంగానే ఉందని ఆయనకీ అనిపించింది. "అందరికీ ఇష్టమైతే," అని గొణిగాడు.

"నాకిష్టమే," అన్నాడు డ్రైవరుగారు. ఆ స్టీరింగు పోతే ఆయనకి ఈ భూమ్మీద మిగిలేది అన్నం పళ్ళెమే.

కళ్ళు చూపించుకుందామని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కుర్రడాక్టరు లైటేసి చూసి, అక్షరాలు చదివించి, తెగ సంతోషపడ్డాడు.

"బ్రహ్మాండమైన కళ్ళండీ. నా కళ్ళకంటే బాగున్నాయి. ఇప్పుడు తల కదపకుండా కుడివైపు చూడండి. బాగుంది. ఇటు, ఎడమవైపు చూడండి."

డ్రైవరుగారు చూడలేదు.

"ఎడమవైపండీ."

"అటెందుకు?"

"పరీక్షకండీ. సరే, మెడ తిప్పైనా చూడండి."

డ్రైవరుగారు కుర్చీతో సహా మొత్తం మనిషి తిరిగాడు. మెడ మాత్రం భుజాల మీద మేకు కొట్టినట్టు నిలబడే ఉంది. డాక్టరు వెనక్కొచ్చి మెడ నొక్కి చూశాడు. నొప్పీ లేదు, పట్టూ లేదు.

"మీకేం జబ్బు లేదు. అటు చూడ్డం అలవాటు లేదంతే. ఎందుకలా?"

"అటువైపు నా డ్యూటీ కాదండి," అన్నాడు డ్రైవరుగారు, అనాలోచితంగా. అన్నాక ఆ మాట తన చెవుల్లోనే గుచ్చుకుంది.

నిజమే మరి. ఆయన బస్సులో ఎడమవైపు తలుపు దగ్గర ముప్ఫై ఏళ్ళూ ఒక్కడే కండక్టరు నిలబడ్డాడు. ఆయన సొంత బావ, అక్క మొగుడు. సందు ఇరుకైతే బావ చెప్పేవాడు. సైకిలు పక్కకొస్తే బావ చెప్పేవాడు. రివర్సు గేరు వేస్తే వెనకాల దిగి బావే రానిచ్చేవాడు. డ్రైవరుగారి మెడ ఎడమకి తిరగాల్సిన అవసరం ఏ రోజూ పడలేదు. వాడనిది ఏదైనా తుప్పు పడుతుంది కదా, మెడకీ పట్టింది.

ఇంటికొచ్చి విషయం చెబితే భార్య కుట్టు మిషను ఆపి నవ్వింది.

"ఇంత చిన్న సంగతికి డాక్టరు దాకా ఎందుకండీ? నన్నడిగితే చెప్పేదాన్నిగా. వెళ్ళి అన్నయ్యగారిని పిలవండి."

"ఆయన్నా? చచ్చినా పిలవను."

"ఎందుకట?"

ఎందుకో ఆవిడకీ తెలుసు. రిటైరైన రోజు నుంచీ బావ ఒకే మాట పట్టుకుని తిరుగుతున్నాడు. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ చెప్తాడు. బంధువుల పెళ్ళిళ్ళలో రెండో వడ్డనకి ముందు చెప్తాడు. పార్కులో పరిచయం లేనివాళ్ళని పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్తాడు. "బస్సు నడిపింది నేను. మా బావమరిది పాపం, ఆ స్టీరింగు ఊడి కింద పడిపోకుండా పట్టుకునేవాడు." ఆ మాట మొదటిసారి విన్నప్పుడు డ్రైవరుగారు నవ్వాడు. రెండోసారి పళ్ళు కొరికాడు. తర్వాత్తర్వాత ఏ పెళ్ళికెళ్ళినా బావ ఏ వరుసలో కూర్చుంటే ఈయన దానికి ఆ చివర వరుసలో కూర్చోవడం మొదలెట్టాడు. ఇప్పుడు వెళ్ళి ఎడమవైపు చూసిపెట్టమని అడిగితే, ఆ మాటకి సంతకం పెట్టి సీలేసి ఇచ్చినట్టే.

"అయితే ఆదివారం నుంచి వంటింట్లో కూర్చోండి," అంది భార్య మళ్ళీ మిషను తొక్కుతూ. "కూరలు తరగడానికి చేతులు బానే ఉన్నాయిగా."

శనివారం సాయంత్రం డ్రైవరుగారు పక్క వీధిలో అక్క ఇంటి తలుపు కొట్టాడు. కొట్టాడనడం కంటే, తలుపు మీద చెయ్యి ఆనించి ఎవరైనా వింటే విననీ అన్నట్టు నిలబడ్డాడనడం సబబు. అక్కే తీసింది.

"ఒరే తమ్ముడూ, దారి తప్పావా ఏంటి? రా, రా. ఏవండీ, ఎవరొచ్చారో చూడండి."

లోపల బావ వాలుకుర్చీలో పడుకుని, పొట్ట మీద రేడియో పెట్టుకుని, కళ్ళు మూసుకునే పలికాడు.

"మనవాళ్ళలో చెప్పులు విప్పి అరుగు మీద అంత సేపు తచ్చాడేవాడు ఒక్కడే. రారా బావమరిదీ. ఎన్నాళ్ళకి కనిపించావు. ఆమధ్య పెళ్ళిలో నీ వీపు చూశాలే."

"బావా, ఒక పనుండి వచ్చా."

"పనుంటేనే వస్తావని తెలుసు. చెప్పు."

"రేపు గేముల గదిలో రేసుంది."

"ఆఁ. విన్నా. వరుసపెట్టి ఆఖరున వస్తున్నావట కదా. మీ బేకరీ బాబాయ్ రొట్టె కొన్నవాళ్ళందరికీ కొసరుగా ఆ కబురే ఇస్తున్నాడు."

డ్రైవరుగారి చెవులు కాలాయి. గొంతు సవరించుకుని గోడ మీది గడియారానికి చెప్పినట్టు చెప్పాడు. "ఎడమవైపు చూడ్డానికి ఒక మనిషి కావాలి."

బావ ఒక కన్ను తెరిచాడు. "మనిషంటే ఎలాంటి మనిషి?"

"కాస్త నమ్మకమైనవాడు."

"మా పక్కింటాయన చాలా నమ్మకస్తుడు. మాట్లాడమంటావా?"

"బావా."

"లేకపోతే మీ అక్క ఉంది. పక్కింట్లో ఏం జరుగుతుందో గోడలోంచి చూడగలదు."

"నన్నెందుకు లాగుతారు మధ్యలో," అంది అక్క. "వాడి మొహం చూడండి, ఎలా అయిపోయిందో. అడగరా తమ్ముడూ, గట్టిగా అడుగు. ఆయనకి వినబడాలనే ఉంది."

డ్రైవరుగారు గాలి పీల్చుకున్నాడు. "నువ్వే కావాలి బావా. నువ్వు లేకపోతే నాకు ఎడమవైపు లేదు."

బావ రెండో కన్ను కూడా తెరిచాడు. రేడియో పొట్ట మీంచి తీసి పక్కన పెట్టి, లేచి నిలబడి, "నా యూనిఫాం చొక్కా ఎక్కడ?" అన్నాడు.

"అది మీకు పట్టదండీ."

"పట్టకపోతే అదే నేర్చుకుంటుంది."

ఆదివారం పొద్దున్నే గేముల గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. చెప్పుల షాపాయన షట్టరు సగం దించి పైకొచ్చేశాడు. రాత్రి పన్ను పీకించుకున్న పేషెంటొకడు దవడకి గుడ్డ కట్టుకుని డాక్టరమ్మ తరఫున కేకలెయ్యడానికి వచ్చాడు, పాపం కేకే రాలేదు. బావ రానే వచ్చాడు. చొక్కా రెండు బొత్తాలకి ఒప్పుకుని మూడోదానికి ససేమిరా అంది. డ్రైవరుగారి ఎడమచేతి వైపు, కంప్యూటరు ఇనప డబ్బా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గది మొత్తాన్ని కలియజూసి, "అందరూ లోపలికి జరగండి, తలుపు దగ్గర నిలబడకండి," అన్నాడు. నిజంగానే నలుగురు జరిగారు.

"ఆగండాగండి," అంది డాక్టరమ్మ. "ఇద్దరెలా ఆడతారు? ఇది ఒక్కొక్కరి పందెం."

"ఆడేది ఒక్కడేనమ్మా. నేను ప్రయాణికుణ్ణి."

"ప్రయాణికులు మాట్లాడకూడదు. మీరు అటు ఇటు అని చెప్తే అది సాయం చేసినట్టే. ఉండాలంటే ఉండండి, నోరు మాత్రం మూసుకుని ఉండాలి."

జీవితమంతా జనాన్ని నోరు తెరవమని చెప్పిన మనిషి ఒకర్ని నోరు మూసుకోమనడం అదే మొదలని బేకరీ బాబాయ్ అన్నాడు. అందరూ నవ్వారు. డ్రైవరుగారు నవ్వలేదు. నోరు లేని బావంటే చక్రాలు లేని బస్సే. ఆయన గుండె కిందికి జారి సరిగ్గా బ్రేకు పెడలు మీద పడింది.

బావ మాత్రం తొణకలేదు. "సరే తల్లీ. నోరు విప్పను," అని, పక్కనున్న ఇనప డబ్బా మీద రెండు వేళ్ళతో 'టక్ టక్' అని కొట్టాడు.

ఆ చప్పుడు విన్న డ్రైవరుగారి వీపు నిటారుగా లేచింది. కిక్కిరిసిన బస్సులో కండక్టరు గొంతు డ్రైవరు దాకా చేరదు. అందుకని బావ బస్సు రేకు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలంటే బండి పోనీ. ఒక దెబ్బంటే ఆపు. గుక్క తిప్పుకోకుండా టకటకమని వాయిస్తే ఎడమపక్కన ఎవడో దూరుతున్నాడని. ఆ భాషలో వాళ్ళిద్దరూ ముప్ఫై ఏళ్ళు మాట్లాడుకున్నారు.

"ఇదేంటి, కొట్టొచ్చా?" అన్నాడు కోచింగ్ మాస్టారు.

వైర్లాయన తల గోక్కున్నాడు. "నోరు మూసుకోవాలన్నారు. మూసుకున్నాడు. చేతుల సంగతి ఎవరూ అన్లేదు కదండీ."

"కొట్టుకోనివ్వండి," అంది డాక్టరమ్మ, వేళ్ళు విరుచుకుంటూ. "డబ్బా కొడితే బస్సుకి రెక్కలొస్తాయా."

రేసు మొదలైంది. మూడు కార్లూ అగ్గిపుల్ల గీసినట్టు సర్రున పోయాయి. బస్సు ఒళ్ళు విరుచుకుని, ఆవలించి, అప్పుడు కదిలింది. సిటీ దాటేసరికి ముందు కార్ల పొగ కూడా కనిపించడం లేదు. డ్రైవరుగారు కంగారు పడలేదు. కొండ మీదికి గేరు మార్చి మార్చి, ఏడిపించకుండా ఎక్కించాడు. కొండ దిగేటప్పుడు చూడాలి. ఆ బస్సు బరువంతా ఒక్కసారి ముందుకి వాలింది. మలుపు మలుపుకీ వేగం ఎక్కుతోంది. దారి పక్క చెట్లు భయపడి కాస్త వెనక్కి జరిగాయని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. మొదటి మలుపులో మాస్టారిని దాటింది. మాస్టారు వేసుకున్న లెక్కలో బస్సు లేదు. తర్వాత బేకరీ బాబాయ్‌ని దాటింది. కొండ కాలిదగ్గర, వంతెన మొదట్లో, డాక్టరమ్మ పసుపు కారుని కూడా దాటి ముందు నిలబడింది.

ఇక ఉన్నదంతా వంతెన. ఇరుకు రోడ్డు, అటూ ఇటూ రెయిలింగు, కింద సముద్రం. ఇన్నాళ్ళూ డ్రైవరుగారి పరువు పోయింది సరిగ్గా ఇక్కడే.

టకటకటకటక.

డ్రైవరుగారి చేతులు ఆలోచించలేదు. స్టీరింగు కాస్త ఎడమకి వాలింది. దూరబోయిన పసుపు కారు రెయిలింగుకి రాసుకుని వెనక్కి తగ్గింది.

"అరె," అంది డాక్టరమ్మ.

టకటకటక. ఈసారి బేకరీ బాబాయ్. బస్సు మళ్ళీ వాలింది. బాబాయ్ వెనక్కి పోయాడు. డ్రైవరుగారు ఒక్కసారి కూడా ఎడమకి చూడలేదు. చూపంతా ముందూ, కుడీ. ఆ సగం తెర ఆయనది, ఈ సగం తెర బావది. అంత వెడల్పు తెర ఎవరి కోసం చేశారా అని ఇన్నాళ్ళూ తిట్టుకున్నవాడికి, ఇద్దరు మనుషుల కోసమే చేశారని అప్పుడర్థమైంది. పెదాలు తమంతట తామే విచ్చుకున్నాయి.

వెనక ముగ్గురూ పట్టు వదల్లేదు. ఒకరి ముక్కు ఒకరి తోకకి ఆనించి, బస్సు వీపుకి అంటుకుని వస్తున్నారు. డాక్టరమ్మ రెప్పెయ్యడం మానేసింది. వంతెన చివర రోడ్డు కాస్త వెడల్పవుతుంది. అక్కడ ఎలాగైనా దూరాలని కాచుకుని ఉంది.

ఆ చివర్లో, రెయిలింగు అయిపోయే చోట, తెర ఎడమ అంచున ఏదో కనిపించింది. పాత మానిటర్లలో ఆ అంచే లేదు, కొత్తవాటిలో రేసు హడావుడిలో ఎవరూ అటు గమనించలేదు కనక అది ఉందని ఎవరికీ తెలియదు. రేకు కప్పు, కింద బల్ల. గేము తయారుచేసినవాడెవడో సరదాకి గీసిన బస్టాపు. అందులో నలుగురు బొమ్మ మనుషులు నిలబడి ఉన్నారు. ఒక ముసలామె చేతిలో సంచి. బస్సుని చూసి ముసలామె చెయ్యి పైకి లేచింది.

బావ చూశాడు. రేసు మర్చిపోయాడు, పందెం మర్చిపోయాడు. ముప్ఫై ఏళ్ళ చెయ్యి దానంతటదే లేచి డబ్బా మీద పడింది.

టక్.

ఒక్క దెబ్బ.

డ్రైవరుగారి కాలు కూడా ఎవర్నీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళూ ఒక దెబ్బకి ఆగిన కాలు. బ్రేకు మీద పూర్తిగా పడింది. అంత బస్సూ కిర్రుమని ముసలామె ఎదురుగా, గీత గీసినట్టు ఆగింది.

 తర్వాత చప్పుళ్ళు వరుసగా వచ్చాయి. డాక్టరమ్మ కారు బస్సు వెనక మూలకి గుద్దుకుని గాల్లో మొగ్గలేసి సముద్రంలో పడింది. ఆవిడ తోక పట్టుకుని వస్తున్న బేకరీ బాబాయ్ బస్సు వీపు మీదికెక్కి అక్కడే పల్టీ కొట్టాడు. ముందువాళ్ళతో ఎంత ఎడం ఉంచాలో వెంట్రుకవాసి లెక్క కట్టుకున్న మాస్టారు, ఆ లెక్క ప్రకారమే వచ్చి, ఆ లెక్క ప్రకారమే గుద్దుకున్నాడు.

డ్రైవరుగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బావా, ఏం చేశావు?"

బావ నోరు విప్పకూడదు కనక విప్పలేదు. మొహం మాత్రం పాలిపోయింది. ఒక్క క్షణం తెర వంక వెర్రిగా చూసి, ఇంకేం చెయ్యాలో తోచక, తనకి తెలిసిన రెండో పని చేశాడు.

టక్ టక్.

బస్సు కదిలింది. ఎప్పటిలాగే బద్ధకంగా, బతిమాలించుకుంటూ కదిలింది. ఓడరేవు దీపాలు దూరంగా కనిపిస్తున్నాయి. ఈలోపు ఆట నియమం ప్రకారం సముద్రంలో పడ్డ కారు మళ్ళీ రోడ్డు మీద ప్రత్యక్షమైంది. డాక్టరమ్మ చీర కొంగు నడుముకి దోపి, కుర్చీ అంచుకి జరిగి, ఆ కారుని బాణంలా వదిలింది. బస్సు ఇంకా ఊపందుకోలేదు. పసుపు చుక్క అద్దంలో పెద్దదవుతోంది, ఇంకా పెద్దదవుతోంది.

టకటకటకటకటక.

బస్సు ఎడమకి వాలింది. అదే డాక్టరమ్మకి కావలసింది. ఎడమ మూస్తారని తెలిసే ఎడమకి ఎర వేసింది. వెంటనే కారు కుడికి దూకింది. కుడివైపు బావది కాదు. డబ్బా పలకలేదు. అది డ్రైవరుగారి సొంత సగం. ఆ సగంలో ముప్ఫై ఏళ్ళలో ఎవడూ ఆయన్ని మోసం చెయ్యలేదు, ఇప్పుడు ఒక పసుపు కారు చెయ్యగలదా. అరచేత్తో స్టీరింగుని ఒకే చుట్టు తిప్పాడు. బస్సు వెనక భాగం తలుపు మూసినట్టు వచ్చి కారు ముందు నిలబడింది. డాక్టరమ్మ బ్రేకు వేసింది. బస్సు ముందు బంపరు ఓడరేవు గేటు దాటింది. తెర నిండా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, రంగు రంగుల కాగితాలు రాలాయి.

గది పైకప్పు లేవలేదంటే అది వైర్లాయన అదృష్టం. చెప్పుల షాపాయన డ్రైవరుగారిని కుర్చీతో సహా ఎత్తబోయి, నడుం పట్టేసి, సగంలో దించాడు. దవడకి గుడ్డ కట్టుకున్న పేషెంటుకి గొంతొచ్చేసింది, కాకపోతే అది డ్రైవరుగారి తరఫున వచ్చింది.

"ఇదేం న్యాయం," అన్నాడు మాస్టారు. "రేసు మధ్యలో బస్టాపులో ఎవరైనా ఆపుతారా?"

"బస్సు అక్కడ కాక ఇంకెక్కడ ఆపుతారు మాస్టారూ?" అన్నాడు వైర్లాయన.

డాక్టరమ్మ కొంగు విప్పుకుని, చేతులు తుడుచుకుని లేచి వచ్చింది. మొహంలో ఓటమి ఉంది, దాని వెనకాల ఆపుకోలేని నవ్వూ ఉంది.

"డ్రైవరుగారూ, ఏడాదిపాటు ఆ సీటు వైపు చూడను. మీరిచ్చినా కూర్చోను. సముద్రంలో పడ్డప్పుడు ఒకటి మాత్రం చూశా. నీళ్ళడుగున చేపలు కూడా గీశాడండీ. ఆ పక్క అంచున ఒక తాబేలు." ఆవిడ బావ వైపు తిరిగింది. "కండక్టరుగారూ, మిమ్మల్నొకటి అడగాలి. నాకూ ఎడమవైపు కాస్త బలహీనమే. వచ్చేవారం నా పక్కన కూర్చుంటారా? మీ పళ్ళన్నీ ఊరికే చూసిపెడతా."

నోరు మూసుకోవాల్సిన అవసరం తీరిపోయిందని బావకి అప్పుడే గుర్తొచ్చింది. పెదాలు తడుపుకుని, చొక్కా సర్దుకుని, మూడో బొత్తాన్ని పెట్టుకుంటున్నట్టు నటిస్తూ, చాలా ఆలోచించాల్సిన విషయమన్నట్టు తల ఊపాడు.

"చూద్దాం తల్లీ. కింది వరుసలో ఒకటి నొప్పిగానే ఉంటోంది. మీది మంచి బండి, చిన్న బండి. పైగా ఈ బావమరిది మాటంటే చాలు మొహం తిప్పుకునే రకం."

డ్రైవరుగారు స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. తెర మీద కొత్త రేసు మొదలుపెట్టమంటూ బస్సు దీపాలు వెలిగించుకుని నిలబడి ఉంది. ఆయన కుడిచేత్తో బటను నొక్కాడు. ఎడమకాలు చాచి, బావ కూర్చున్న స్టూలు కాలికి మడమ తగిలించి, బావతో సహా దాన్ని ఇంకో జానెడు తన దగ్గరికి లాక్కున్నాడు.

"మా బావ ఎక్కడికీ రాడమ్మా," అన్నాడు. "ఆ పన్ను సంగతి నేను చూసుకుంటా. బావా, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారో లేదో చూడు."